నెలనెలా కట్టయ్యే సబ్‌స్క్రిప్షన్లకు వర్చువల్ కార్డు నంబరు పెట్టుకుంటే లాభమేనా?

లీలామహల్_లెక్కలు (తిరుపతి) అడిగిన ప్రశ్న:

నమస్కారం. తిరుపతిలో ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసు లెక్కలు చూస్తుంటాను. మా ఆన్‌లైన్ ఖర్చులు ఇవీ: ముగ్గురికి ఆఫీసు ఈమెయిల్, పోస్టర్లు చేసుకునే డిజైన్ సాఫ్ట్‌వేర్, ఫొటోలకు క్లౌడ్ స్టోరేజీ, వెబ్‌సైట్లో పెట్టిన ఒక విదేశీ చాట్ టూల్ (నెలకు 20 డాలర్లు), ఏడాదికోసారి డొమైన్, హోస్టింగ్. ఇవిగాక ప్రకటనలు. మామూలు నెలల్లో నాలుగైదు వేలు, బ్రహ్మోత్సవాల ముందు, వైకుంఠ ఏకాదశి ముందు ఇరవై వేలు దాటిపోతుంది.

ఇన్నీ ఓనరు గారి క్రెడిట్ కార్డు మీదే నడుస్తున్నాయి. ఆ కార్డు నంబరు, వెనకున్న సీవీవీ ఆఫీసులో అందరికీ కంఠతా వచ్చేశాయి. అందుకే సైటుకొక వర్చువల్ కార్డు తీద్దామని ఆలోచన. నా అనుమానాలు:

బ్యాంకు యాప్‌లో "వర్చువల్ కార్డు" అని ఒకటి కనిపిస్తుంది, దాన్నే వాడొచ్చా? సర్వీసు వద్దనుకున్నప్పుడు ఆ వర్చువల్ కార్డును డిలీట్ చేస్తే చాలా? డాలర్లలో పోయేదానికి లిమిట్ ఎంత పెట్టాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

---

గాంధీరోడ్_పేమెంట్స్:

అన్నా, ముందు ఒక పని చేయండి. యాప్‌లో కనిపిస్తున్న వర్చువల్ కార్డు చివరి నాలుగు అంకెలు, ప్లాస్టిక్ కార్డు చివరి నాలుగు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటే అయితే అది వర్చువల్ కార్డు కాదు, ఉన్న కార్డునే తెరమీద చూపిస్తున్నారంతే. దాంతో మీకు ఒరిగేదేమీ లేదు. సగం మంది ఇక్కడే పొరబడతారు.

అంకెలు వేరుగా ఉంటే, అది ఏ రకమో చూడాలి. ఒక్కసారి వాడగానే, లేదా ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోయే రకం ఒకటి. దాన్ని సబ్‌స్క్రిప్షన్‌కు పెడితే మొదటి నెల కట్ అవుతుంది, రెండో నెల "డిక్లైన్డ్" అని వస్తుంది. ఒక వస్తువు ఒక్కసారి కొనడానికైతే భేషుగ్గా ఉంటుంది, నెలనెలా కట్టేదానికి పనికిరాదు. రెండోది ప్రీపెయిడ్ రకం, ముందు డబ్బు నింపుకుని వాడేది. మూడోది క్రెడిట్ ఖాతా కిందే వేరే నంబరు, వేరే లిమిట్‌తో ఏళ్ల తరబడి ఉండే కార్డు. మీకు కావలసింది ఈ మూడోది. యాడ్-ఆన్ కార్డు (ఉన్న క్రెడిట్ ఖాతా కిందే తీసుకునే అదనపు కార్డు) రూపంలో అయితే చాలా బ్యాంకుల్లో దొరుకుతుంది. తీసుకునే ముందు రెండు సంగతులు అడగండి: దీనికి విడి నంబరు ఉంటుందా, విడి లిమిట్ పెట్టుకోవచ్చా అని.

ఇప్పుడు అసలు విషయం. అమెరికాలో ఒక్కో దుకాణానికి ఒక్కో నంబరు ఇచ్చే సర్వీసులు ఉన్నాయి, వాటి గురించి చదివి ఇక్కడ కూడా అదే చేయాలనుకుంటారు. ఆ పని మన దేశంలో చాలావరకు టోకెనే (కార్డు నంబరు బదులు సైటుకిచ్చే వేరే కోడు) చేసేస్తోంది. 2022 అక్టోబరు 1 నుంచి ఇక్కడి మర్చంట్లు మీ కార్డు నంబరు దాచుకోకూడదు. సేవ్ చేయమని టిక్ పెడితే వాళ్ల దగ్గర మిగిలేది ఒక టోకెన్, గుర్తుపట్టడానికి చివరి నాలుగు అంకెలు, బ్యాంకు పేరు. ఒక సైటుకిచ్చిన టోకెన్ ఇంకో సైటులో చెల్లదు. వాళ్ల డేటాబేస్ దొంగల పాలైనా మీ కార్డుకు ఢోకా లేదు. ఏయే మర్చంట్ల దగ్గర టోకెన్లున్నాయో చూపించి, తీసేసే వీలు బ్యాంకు కల్పించాలి. యాప్‌లో కార్డు సెట్టింగుల దగ్గర వెతకండి.

ఇక రెండో తాళం మాండేట్, అంటే నెలనెలా తీసుకోమని మీరు ముందే ఇచ్చే అనుమతి. మొదటిసారి ఓటీపీ కొట్టి ఒప్పుకుంటేనే నెలనెలా కట్ అవుతుంది. కట్టయ్యే ముందు కనీసం 24 గంటలకు ఎస్సెమ్మెస్సో ఈమెయిలో రావాలి. అందులో మర్చంట్ పేరు, మొత్తం, తేదీ, మాండేట్ నంబరు ఉంటాయి. ఆ ఒక్క నెల వద్దనుకున్నా, మొత్తానికే వద్దనుకున్నా అక్కడినుంచే ఆపొచ్చు, దానికీ ఓటీపీ అడుగుతారు. ఓటీపీ లేకుండా పోయే గరిష్ఠ మొత్తం 2022 జూన్ నుంచి 15,000. అంతకు మించితే ప్రతిసారీ ఓటీపీ. బీమా ప్రీమియం, మ్యూచువల్ ఫండ్, క్రెడిట్ కార్డు బిల్లు ఈ మూడింటికి మాత్రం 2023 డిసెంబరులో లక్షకు పెంచారు.

ఒక తిరకాసు ఉంది. నెలకు 199 కట్టే సర్వీసు కూడా మాండేట్ గరిష్ఠం దగ్గర "15,000 వరకు" అని పెట్టేస్తుంది. చాలా సైట్లలో దాన్ని తగ్గించే వీలుండదు. రేపు రేటు పెంచినా, ఎవరో ఇద్దరు యూజర్లను అదనంగా చేర్చినా ఆ మేరకు కట్ అయిపోతుంది. మీరు వెతుకుతున్న విడి కార్డు, విడి లిమిట్ అసలు పనికొచ్చేది ఈ సందులోనే.

దేశంలో రూపాయల్లో బిల్లు వేసే వాటికి మాత్రం కార్డే అక్కర్లేదు, యూపీఐ ఆటోపే పెట్టేయండి. కార్డు నంబరూ ఉండదు, సీవీవీ గొడవా ఉండదు. ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యాప్‌లో ఆటోపే విభాగంలోకి వెళ్తే జాబితా అంతా కనిపిస్తుంది, పిన్ కొట్టి రద్దు చేసుకోవచ్చు. దీనికీ పిన్ లేకుండా 15,000 వరకే. క్రెడిట్ మీదే నడవాలంటే రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జోడించుకుంటే సరి. దీనికోసమే ప్లాస్టిక్ లేని రూపే కార్డు ఇచ్చే బ్యాంకులు కూడా ఉన్నాయి.

---

చిత్తూరు_ఆడిట్:

పైన చెప్పింది దేశీయ మర్చంట్ల వరకు సరిగ్గా సరిపోతుంది. మీ 20 డాలర్ల చాట్ టూల్ కథ వేరు. విదేశీ మర్చంట్ మన టోకెన్ పద్ధతిలోకి రాకుండా కార్డు నంబరునే దాచుకుని ఉండొచ్చు, ఓటీపీ అడగకుండానే చార్జీ వేసే అవకాశం కూడా అక్కడే ఉంది. కాబట్టి విడి నంబరు ఎక్కడైనా తప్పనిసరి అంటే అక్కడ. ఓనరు గారి పెద్ద కార్డులో ఇంటర్నేషనల్ స్విచ్ ఆఫ్ చేసి, యాడ్-ఆన్‌లో మాత్రమే ఆన్‌లో ఉంచండి. కొత్త కార్డు చేతికొచ్చినప్పుడు ఆన్‌లైన్, ఇంటర్నేషనల్ రెండూ ఆపేసే ఉంటాయి, యాప్‌లో వెళ్లి తెరవాలి. "కార్డు పనిచేయట్లేదు" అని మొదటి రోజు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే.

లిమిట్ లెక్క ఇలా వేసుకోండి. డాలర్ 90 రూపాయలనుకుందాం, మీరు కట్టే రోజు రేటు చూసి మార్చుకోండి. 20 డాలర్లంటే 1,800 అని అందరూ అనుకుంటారు. మీ జీఎస్టీ నంబరు ఆ సైటులో ఇవ్వకపోతే దానిమీద 18 శాతం పన్ను కలిపి 23.60 డాలర్లు వేస్తారు. అంటే 2,124. దానిమీద బ్యాంకు ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీ మార్చినందుకు వేసే చార్జీ) 3.5 శాతం అయితే 74.34. ఆ మార్కప్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ 13.38. వెరసి 2,211.72. రెండు వేలు లిమిట్ పెడితే మొదటి నెలే బౌన్స్ అవుతుంది. 2,500 పెట్టండి, రేటు కొంచెం అటూఇటూ అయినా తట్టుకుంటుంది.

మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లింగ్ పేజీలో నంబరు తప్పకుండా ఇవ్వండి. అప్పుడు వాళ్లు పన్ను వేయరు, రివర్స్ చార్జ్ కింద మీరే కట్టి, అర్హత ఉంటే ఆ మొత్తాన్ని మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకుంటారు. కార్డు వర్చువలా ప్లాస్టిక్కా అన్నది పన్నుకు అనవసరం, బిల్లు ఎవరి పేరున ఉందన్నదే ముఖ్యం. ఓనరు సొంత కార్డు మీద కట్టినా ఇన్వాయిస్ సంస్థ పేరున, సంస్థ జీఎస్టీ నంబరుతో ఉండాలి. ఈ ఒక్కటీ చూసుకోక సంవత్సరాంతంలో తల పట్టుకునేవాళ్లను రోజూ చూస్తుంటాం.

"రూపాయల్లో కట్టండి" అని విదేశీ సైటు ఆప్షన్ ఇస్తే సంబరపడొద్దు. మారకం రేటు వాళ్లిష్టం, పైగా మర్చంట్ విదేశంలో నమోదై ఉంటే రూపాయల్లో వేసినా అదనపు చార్జీ తీసే బ్యాంకులున్నాయి. రెండు మొత్తాలూ పోల్చి చూశాకే నొక్కండి.

ప్రీపెయిడ్ వర్చువల్ కార్డు సంగతి. వాలెట్ కంపెనీలు, అంటే బ్యాంకు కానివాళ్లు, ఇచ్చే ప్రీపెయిడ్ కార్డు విదేశీ సైట్లకు చెల్లదు. విదేశీ మారకం లైసెన్సు ఉన్న బ్యాంకు ఇచ్చిన, పూర్తి కేవైసీ అయిన ప్రీపెయిడ్ అయితేనే కుదురుతుంది, అదీ ఒక లావాదేవీకి 10,000, నెలకు 50,000 లోపు. దేశంలోనైనా ప్రీపెయిడ్‌తో ఇంకో చిక్కు: కార్డు మొదటి అంకెలను బట్టే అది ప్రీపెయిడ్ అని సైటుకు తెలిసిపోతుంది. ఫ్రీ ట్రయల్ ఇచ్చే సైట్లు చాలా వరకు తీసుకోవు. తీసుకున్నా ముందు ఒక రూపాయో రెండు రూపాయలో తీసి చూస్తాయి, బ్యాలెన్స్ సున్నా ఉంటే అక్కడే ఆగిపోతుంది.

---

పుంగనూరు_అబ్బి:

అందరూ చెప్పింది బాగానే ఉండాది గానీ, సైటుకొక కార్డు అంటే నాకు ససేమిరా ఇష్టం లేదు. ఆరు సర్వీసులకు ఆరు కార్డులు, ఆరు గడువు తేదీలు, ఆరు లిమిట్లు. యాదో ఒకటి ఫెయిలయితాది, ఏ కార్డు దేనికి పెట్టామో ఎతుక్కోవడానికే ఒక పూట పోతాది. రెండు చాలు: విదేశాలకు ఒక యాడ్-ఆన్, దేశంలో వాటికి యూపీఐ.

అసలు ఒకదానికి మాత్రం ఈ చిన్న లిమిట్ల కార్డు పెట్టనే కూడదు. అది డొమైన్. ఏడాదికోసారి కట్టేది గాబట్టి ఈలోపల కార్డు గడువు అయిపోయుంటాది, లేదంటే లిమిట్ మార్చేసుంటారు. రెన్యూవల్ ఫెయిలని వచ్చే మెయిల్ కూడా అదే డొమైన్ అడ్రసుకే వస్తాది. డొమైన్ ఆగితే ఆ మెయిల్ పెట్టె కూడా ఆగిపోతాది, చూసే దిక్కుండదు! డాట్ కామ్ అయితే గడువు, గ్రేస్ దాటినాక రిడెంప్షన్ (పోయిన పేరు తిరిగి తెచ్చుకునే గడువు) అని 30 రోజులు పెడతారు, అప్పుడు మామూలు ఫీజుకు ఎన్నో రెట్లు అడగతారు. అదీ దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు. పండగ సీజన్లో ట్రావెల్స్ సైట్ పేరు పోయిందంటే ఇంక చెప్పేదేముంది. డాట్ కామ్ పదేండ్ల దాకా ఒకేసారి కట్టొచ్చు. మూడేండ్లో అయిదేండ్లో నెట్‌బ్యాంకింగ్‌లో కట్టేసి, కాంటాక్ట్ ఈమెయిల్ మాత్రం వేరే అడ్రస్ ఇచ్చుకోండి.

---

లీలామహల్_లెక్కలు:

చాలా థ్యాంక్సండీ. చివరి నాలుగు అంకెలు చూశాను, రెండూ ఒకటే! అంటే మా యాప్‌లోది ఉత్త బొమ్మే. యాడ్-ఆన్ అడుగుతాం. ఇంకో రెండు సందేహాలు. డిజైన్ సాఫ్ట్‌వేర్ నెలనెలా కట్ అవుతోంది గానీ బ్యాంకు యాప్‌లో మాండేట్ల జాబితాలో దాని పేరు లేదు. ఎక్కడుంటుంది? ఇక ప్రకటనల సంగతి ఎవరూ చెప్పలేదు.

---

గాంధీరోడ్_పేమెంట్స్:

మూడు చోట్ల వెతకాలి. ఒకటి, బ్యాంకు యాప్‌లో బిల్ పే, స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ల విభాగం. కార్డుల పేజీలో లేకపోయినా ఇక్కడ ఉండొచ్చు. రెండు, చాలా బ్యాంకులు మాండేట్ల పని బిల్‌డెస్క్ వాళ్ల ఎస్ఐ హబ్‌కో, రేజర్‌పే వాళ్ల మాండేట్‌హెచ్‌క్యూకో అప్పగించాయి. కట్టయ్యే ముందు వచ్చే ఎస్సెమ్మెస్‌లో లింకు ఉంటుంది, తెరిస్తే మీ బ్యాంకు పేరుతో పేజీ వస్తుంది, కార్డు నంబరు, ఓటీపీ ఇస్తే జాబితా కనిపిస్తుంది. ఎస్సెమ్మెస్‌లో వచ్చిన ప్రతి లింకూ నొక్కమని కాదు నా ఉద్దేశం. బ్యాంకు వెబ్‌సైట్లో ఈ-మాండేట్ పేజీనుంచి వెళ్తే అక్కడికే చేరతారు, అదే మంచిది. మూడు, ఆ సాఫ్ట్‌వేరును ఫోన్‌లో ప్లే స్టోరు ద్వారా కొని ఉంటే మాండేట్ గూగుల్ పేరు మీద ఉంటుంది, సాఫ్ట్‌వేర్ పేరు మీద ఉండదు. రద్దు కూడా ప్లే స్టోరు సబ్‌స్క్రిప్షన్ల పేజీలోనే చేయాలి.

ఎక్కడా లేకుండా, ముందస్తు మెసేజ్ కూడా రాకుండా కట్ అవుతుంటే, అది విదేశీ చార్జీ అయి ఉండొచ్చు. స్టేట్‌మెంట్‌లో మర్చంట్ పేరు పక్కన ఊరు, దేశం చూడండి.

ప్రకటనలు: ఖాతాను ఆటోమేటిక్‌లో పెడితే ఖర్చు ఒక స్థాయికి చేరగానే, లేదా నెల తిరగగానే చార్జీ వేస్తారు. సీజన్లో అది 15,000 దాటితే ఓటీపీ కావాలి, ఓనరు గారు కొండమీద ఉండి ఫోను చూసుకోకపోతే చెల్లింపు ఫెయిల్, ప్రకటనలు ఆగిపోతాయి. సరిగ్గా రద్దీ రోజునే. గూగుల్ యాడ్స్‌లో మాన్యువల్ చెల్లింపు ఉంది: ముందు డబ్బు వేసుకుంటారు, అందులోంచి ఖర్చవుతుంది, అయిపోతే ఆగుతుంది. యూపీఐ, నెట్‌బ్యాంకింగ్ రెండూ తీసుకుంటుంది. వారానికింత అని వేసుకోండి. లిమిట్ పెట్టుకోవడమంటే ఇంతకన్నా ఏముంది, వర్చువల్ కార్డు అవసరమే రాదు. ఒక్కటి గమనించండి, ఖాతా తెరిచేటప్పుడు ఎంచుకున్న పద్ధతిని తర్వాత మార్చడం అంత తేలిక కాదు. కొన్నిసార్లు కొత్త బిల్లింగ్ ఖాతా తెరవాల్సి వస్తుంది. సీజనుకు నెలా రెండు నెలల ముందే ఈ పని ముగించుకోండి.

---

చిత్తూరు_ఆడిట్:

కార్డు డిలీట్ చేస్తే చాలా అని మొదట్లో అడిగారు, దానికి ఎవరూ సూటిగా బదులివ్వలేదు. చాలదు.

కార్డు మూసేస్తే డబ్బు కట్ కావడం ఆగుతుంది, మీకూ వాళ్లకూ ఉన్న ఒప్పందం ఆగదు. ఏడాది ప్లాన్‌ను నెలవారీ వాయిదాల్లో కట్టే పద్ధతి ఒకటుంది, డిజైన్ సాఫ్ట్‌వేర్లలో మామూలే. మధ్యలో కార్డు తీసేస్తే మిగతా నెలల బాకీ ఖాతాలో అలాగే నిలబడుతుంది. విదేశీ మర్చంట్లకైతే, గడువు తీరిన లేదా మార్చిన కార్డు కొత్త వివరాలను వీసా, మాస్టర్‌కార్డ్ నెట్‌వర్కులు అందించే అప్‌డేటర్ సర్వీసులు ఉన్నాయి. కార్డు మార్చాం కదా అని ధీమాగా ఉంటే చార్జీ కొత్త నంబరు మీద పడొచ్చు. ఇక్కడి టోకెన్ల విషయంలో అలా కాదు, కార్డు మారినప్పుడు పాత మర్చంట్లకు కలపాలంటే బ్యాంకు మీ సమ్మతి అడగాలి.

కాబట్టి వరస ఇది. ముందు సైటులోకి వెళ్లి ప్లాన్ క్యాన్సిల్ చేసి, వాళ్లు పంపే ధ్రువీకరణ మెయిల్ దాచుకోండి. మెయిల్ రాకపోతే "ప్లాన్ ఫలానా తేదీతో ముగుస్తుంది" అని చూపే తెరను ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత మాండేట్ రద్దు. ఆ తర్వాత టోకెన్ తీసేయడం. కార్డు మూయడం అన్నింటికన్నా చివర, అదీ ఒక బిల్లింగ్ తేదీ దాటి, రావలసిన రీఫండ్ ఏదైనా ఉంటే వచ్చాక. క్రెడిట్ ఖాతా కిందున్న యాడ్-ఆన్‌కు రీఫండ్ వస్తే ప్రధాన ఖాతాలో జమ అవుతుంది, ఇబ్బంది లేదు. ప్రీపెయిడ్ కార్డు మూసేశాక రీఫండ్ వస్తే మాత్రం ఇచ్చిన సంస్థ చుట్టూ తిరగాలి.

క్యాన్సిల్ బటన్ కనపడకుండా దాచేసే సైట్లుంటాయి. దీన్ని 2023 నవంబరు 30న వచ్చిన కేంద్ర డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను బోల్తా కొట్టించే సైటు డిజైన్ ఎత్తుగడలు) మార్గదర్శకాల్లో "సబ్‌స్క్రిప్షన్ ట్రాప్" పేరుతో అనుచిత పద్ధతిగా చేర్చారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు.

మీరు ఒప్పుకోని చార్జీ పడితే ఆ రోజే బ్యాంకుకు చెప్పండి. 2017 జూలై నాటి ఆర్బీఐ సర్క్యులర్ ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాక బయటెక్కడో జరిగినప్పుడు, బ్యాంకు సమాచారం అందిన 3 పనిదినాల్లోపు చెబితే మీ మీద భారం సున్నా. 4 నుంచి 7 పనిదినాలైతే ఖాతాను బట్టి కొంత మీరే మోయాలి. అయితే సీవీవీ, ఓటీపీ మీరే ఇంకొకరికి ఇచ్చి ఉంటే ఈ రక్షణ వర్తించదు. మీ ఆఫీసులో సీవీవీ అందరికీ తెలుసన్నారు చూడండి, దాన్ని బ్యాంకు మీ నిర్లక్ష్యం కిందే లెక్కగడుతుంది. ఆ ప్లాస్టిక్ కార్డు మార్పించడమే మొదటి పని, మిగతావన్నీ దాని తర్వాతే. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్బీఐ ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, అందుకే బ్యాంకు ఇచ్చే ఫిర్యాదు నంబరు, తేదీ రాసిపెట్టుకోవాలి.

---

లీలామహల్_లెక్కలు:

సరేనండి, ముందు కార్డు మార్పిస్తాం. ఓటీపీలు మాత్రం యాడ్-ఆన్ తీసుకున్నా ఓనరు గారి ఫోనుకే వస్తాయా?

---

గాంధీరోడ్_పేమెంట్స్:

బ్యాంకును బట్టి ఉంటుంది. యాడ్-ఆన్ ఎవరి పేరున తీస్తే వాళ్ల నంబరుకు పంపే బ్యాంకులున్నాయి, అన్నీ ప్రధాన కార్డుదారుకే పంపేవీ ఉన్నాయి. దరఖాస్తు ఇచ్చేటప్పుడే అడగండి. చాలా బ్యాంకుల్లో యాడ్-ఆన్ కుటుంబసభ్యుల పేరునే ఇస్తారు, ఉద్యోగి పేరున కుదరదు. కాబట్టి మాండేట్లు పెట్టే రోజు ఓనరు గారిని ఒక అరగంట పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ ఒకేసారి పూర్తి చేయండి. ముందస్తు మెసేజ్ ఈమెయిల్‌కు కూడా పంపే ఎంపిక ఉంటే ఆఫీసు అడ్రస్ ఇప్పించండి. ఓటీపీ ఆయన దగ్గరే ఉంటుంది, రేపు ఏం కట్ కాబోతోందో మీకు తెలుస్తుంది.